కేకల కింద దొరికిన పాట

1965 ఆగస్టు 15, ఆదివారం రాత్రి. న్యూయార్క్‌లోని షియా స్టేడియం. బేస్‌బాల్ కోసం కట్టిన మైదానం నడుమ చిన్న వేదిక, దాని మీద నలుగురు కుర్రాళ్లు, చుట్టూ గ్యాలరీల్లో 55,600 మంది. బీటిల్స్ బృందం ఆ రాత్రి వేదిక మీద ఉన్నది దాదాపు అరగంట. డజను పైచిలుకు కెమెరాలు ఆ అరగంటనూ 35 ఎం.ఎం. ఫిల్ముకు ఎక్కించాయి. అంత పెద్ద స్టేడియంలో పాప్ సంగీత కచేరీ జరగడం అప్పటికి చాలా కొత్త. దాన్ని సినిమాగా తీయడం మరీ కొత్త.

ఆ ఫిల్ము ఇవాళ్టికీ చూడవచ్చు. 2016లో రాన్ హోవార్డ్ తీసిన 'ద బీటిల్స్: ఎయిట్ డేస్ ఎ వీక్' అనే డాక్యుమెంటరీ ఈ బృందం ఊరూరూ తిరిగి కచేరీలు చేసిన సంవత్సరాల కథ. థియేటర్లలో దానికి తోడుగా షియా కచేరీని కూడా 4కె నాణ్యతకు బాగుచేసి చూపించారు. అందులో గిటార్లు స్పష్టంగా వినిపిస్తాయి, గొంతులు వేటికవే విడిగా తెలుస్తాయి, డ్రమ్ముల దెబ్బ సూటిగా తగులుతుంది.

ఆ రాత్రి స్టేడియంలో కూర్చున్న ఎవరికీ పాట ఇలా వినపడలేదు. వేదిక మీదున్న నలుగురికీ వినపడలేదు. కచేరీ సినిమా జరిగినదాన్ని జరిగినట్టు చూపిస్తుందని మనం అనుకుంటాం. నిజానికి అది ఎవరూ వినని కచేరీని మనకు వినిపిస్తుంది. దాని వెనక ధ్వనిశాస్త్రం, గడియారాల శాస్త్రం, గణితం కలిసి చేసిన అరవై ఏళ్ల పని ఉంది. ఈ అధ్యాయం ఆ పని గురించే.

కేక బలం ఎంత?

షియాలో బీటిల్స్ వెనక నిలబెట్టినవి వాక్స్ కంపెనీ తయారుచేసిన 100 వాట్ల ఆంప్లిఫయర్లు. అంతకు ముందు వాళ్లు ఇంగ్లండ్‌లో క్లబ్బుల్లో, థియేటర్లలో వాడినవి 30 వాట్లవి. బలం మూడు రెట్లు పెరిగిందంటే మోత కూడా మూడు రెట్లు పెరిగి ఉండాలనిపిస్తుంది. చెవి లెక్క వేరు. శబ్ద తీవ్రతను డెసిబెల్స్‌లో కొలుస్తారు. శక్తి పది రెట్లయితే పది డెసిబెల్స్ పెరుగుతాయి. ఆ పది డెసిబెల్స్ పెరిగితేనే మన చెవికి మోత సుమారు రెట్టింపైనట్టు తోస్తుంది. 30 వాట్ల నుంచి 100 వాట్లకు పోతే వచ్చే లాభం అయిదు డెసిబెల్స్ మాత్రమే.

ఇదే సూత్రాన్ని జనానికి వర్తింపజేద్దాం. ఒకదానితో ఒకటి పొత్తు లేకుండా అరిచే గొంతులు కలిసినప్పుడు వాటి శక్తులు కూడుకుంటాయి. మూడు వేల మంది పట్టే థియేటరు నుంచి 55,600 మంది కూర్చున్న స్టేడియానికి వస్తే, అందరూ ఒకే దూరంలో ఉన్నారనుకున్నప్పుడు, కేకల తీవ్రత సుమారు పదమూడు డెసిబెల్స్ పెరుగుతుంది. స్టేడియంలో దూరాలు ఎక్కువ కాబట్టి కొంత తగ్గుతుంది. ఆ తగ్గుదల పాటకూ తప్పదు. ఆంప్లిఫయర్లు అయిదు మెట్లు ఎక్కితే, జనం పదమూడు మెట్లు ఎక్కారు. పోటీ మొదలుకాకముందే తేలిపోయింది.

పోటీలో తీవ్రతతో పాటు స్వభావానికీ పాత్ర ఉంది. మనిషి చెవి రెండు నుంచి అయిదు కిలోహెర్ట్జ్ మధ్య శబ్దాలకు అత్యంత సునిశితంగా స్పందిస్తుంది. పాటలో మాటను మాటగా గుర్తుపట్టేది హల్లుల వల్ల. వాటి ఆనవాళ్లలో ఎక్కువ భాగం ఆ ప్రాంతంలోనే ఉంటాయి. పదహారేళ్ల అమ్మాయి గొంతు చించుకుని అరిచే కేక శక్తిలో పెద్ద వాటా వచ్చి పడేదీ అక్కడే. లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారంలో ఉన్న కాక్లియాలో ఒక్కో పౌనఃపున్యానికి ఒక్కో చోటు ఉంది. ఒకే చోటికి రెండు శబ్దాలు చేరితే బలమైనది బలహీనమైనదాన్ని కప్పేస్తుంది. అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో హార్వీ ఫ్లెచర్ బృందం టెలిఫోన్ మాట స్పష్టత కోసం ఈ కప్పుడు వ్యవహారాన్ని లోతుగా పరిశోధించింది.

కేకకు ఇంకో ప్రత్యేకత ఉందని 2015లో లూక్ ఆర్నాల్, డేవిడ్ పోపెల్, వారి సహచరులు 'కరెంట్ బయాలజీ' పత్రికలో చూపించారు. మామూలు మాటలో శబ్దం హెచ్చుతగ్గులు సెకనుకు నాలుగైదు సార్లు జరుగుతాయి. కేకలో అవి సెకనుకు 30 నుంచి 150 సార్లు జరుగుతాయి. ఆ గరుకుదనమే మెదడులో భయానికి, అప్రమత్తతకు సంబంధించిన అమిగ్డలాను తట్టిలేపుతుంది. ప్రమాదం వచ్చిందని తోటివారికి చెప్పడానికి పుట్టిన సంకేతం అది. ఎంత మోతలోనైనా కేక చెవినబడి తీరుతుంది. అలాంటి సంకేతాన్ని వేలమంది సంతోషంతో ఒకేసారి పంపిస్తే, దాని మీదుగా పాట దాటి రావడం అసాధ్యం.

పైగా కేక కేకను పెంచుతుంది. చుట్టూ మోత ఉన్నప్పుడు మనిషి తనకు తెలియకుండానే గొంతు పెంచుతాడని ఫ్రెంచి వైద్యుడు ఎతియెన్ లోంబార్ 1911లో వెల్లడించాడు. పక్కమ్మాయి అరిస్తే ఈమె ఇంకాస్త గట్టిగా అరుస్తుంది, దానికి ఆమె ఇంకా గట్టిగా.

వేదిక మీద పరిస్థితి మరీ కష్టం. పాడేవాళ్లకు వాళ్ల గొంతు వాళ్లకే వినిపించేలా ఎదురుగా పెట్టే మానిటర్ స్పీకర్లు అప్పటికి వాడుకలోకి రాలేదు. ముందున్న ముగ్గురి వీపులూ తలలూ ఎలా ఊగుతున్నాయో చూసి, పాటలో ఎక్కడున్నామో ఊహించుకుని తాళం వేశానని డ్రమ్మర్ రింగో స్టార్ తర్వాత చాలాసార్లు చెప్పాడు. చెవి చేయాల్సిన పని కంటితో చేశాడన్నమాట.

వెనకబడిన శబ్దం

కేకలు లేకపోయినా షియాలో ఇంకో చిక్కు ఉండేది. మైదానంలోకి ప్రేక్షకులను రానివ్వలేదు, అందరూ దూరంగా గ్యాలరీల్లోనే ఉన్నారు. 20 డిగ్రీల సెల్సియస్ వద్ద గాలిలో శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. వంద మీటర్ల దూరంలో ఉన్నవాడికి డ్రమ్ము మీద కర్ర పడటం తక్షణమే కనపడుతుంది. దాని చప్పుడు మాత్రం 0.29 సెకన్ల తర్వాత చేరుతుంది. సినిమా సెకనుకు 24 ఫ్రేములు నడుస్తుంది కాబట్టి, ఆ ఆలస్యం ఏడు ఫ్రేములు.

మనిషి ఎంత ఆలస్యాన్ని పసిగడతాడు? టీవీ ప్రసారాల కోసం అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ దీనికి హద్దులు పేర్కొంది. శబ్దం బొమ్మ కంటే 45 మిల్లీసెకన్లు ముందొస్తే చూసేవాడికి తేడా తెలుస్తుంది. వెనకబడితే మాత్రం 125 మిల్లీసెకన్ల దాకా తెలియదు. ఈ పక్షపాతానికి కారణం ఉంది. ప్రకృతిలో శబ్దం ఎప్పుడూ వెలుగు కంటే వెనకే వస్తుంది. ముందు రావడం మన అనుభవంలో లేదు. వంద మీటర్ల దూరం నుంచి చూసినవాడికి ఆలస్యం 290 మిల్లీసెకన్లు. పెదవులూ మాటా కలవని పాట అది.

షియాలో గాయకుల గొంతులు స్టేడియం సొంత మైకు వ్యవస్థలోంచి కూడా వినిపించాయి. ఆట మధ్యలో ప్రకటనలు చదవడానికి పెట్టిన స్పీకర్లవి. ఒకే మాట 20 మీటర్ల దూరంలోని స్పీకరు నుంచీ, 100 మీటర్ల దూరంలోని స్పీకరు నుంచీ వస్తే రెండింటి మధ్య 230 మిల్లీసెకన్ల ఎడం ఉంటుంది. రెండు శబ్దాలు సుమారు 30, 40 మిల్లీసెకన్ల లోపు చేరితే మెదడు వాటిని ఒకటిగా కలుపుకుంటుందని జర్మన్ పరిశోధకుడు హెల్మూట్ హాస్ 1949లో చూపించాడు. అంతకు మించితే అది ప్రతిధ్వనే.

సినిమా చూసేవాడికి ఈ బాధ ఏదీ లేదు. కెమెరా దూరంగా ఉన్నా జూమ్ లెన్సుతో బృందంలోని జాన్ లెనన్ ముఖాన్ని దగ్గరకు తెస్తుంది. మైకు అతని పెదవులకు అంగుళాల దూరంలో ఉంది, అక్కడి నుంచి శబ్దం తీగలోంచి దాదాపు ఆలస్యం లేకుండా టేపుకు చేరుతుంది. కన్ను గ్యాలరీలో, చెవి వేదిక మీద. ఏ ఒక్క మనిషీ ఉండలేని చోట సినిమా ప్రేక్షకుడు కూర్చుంటాడు.

కెమెరాకూ టేపుకూ పెళ్లి

అయితే బొమ్మ ఒక యంత్రంలో, శబ్దం వేరే యంత్రంలో నమోదవుతాయి. రెండూ ఒకే వేగంతో నడవాలి. కెమెరా మోటారు వెయ్యికి ఒక వంతు తప్పినా మూడు నిమిషాల పాట ముగిసేసరికి తేడా 0.18 సెకన్లకు చేరుతుంది. అంటే నాలుగు ఫ్రేములు దాటి, ప్రేక్షకుడు పసిగట్టే హద్దు కూడా దాటి.

స్టూడియోలో ఇది సమస్య కాదు. కెమెరా, రికార్డరు ఒకే కరెంటు లైనుకు తగిలించి నడిపేవారు. బృందంతో పాటు కారెక్కి, రైలెక్కి, హోటల్ గదిలోకి దూరి తీయాలంటే కష్టం. అందుకు ముందుగా చిన్న రికార్డరు కావాలి. పోలండ్‌లో పుట్టి స్విట్జర్లాండ్‌లో స్థిరపడిన స్టెఫాన్ కుడెల్‌స్కీ తయారుచేసిన నాగ్రా టేపురికార్డరు భుజాన వేసుకుని తిరగగలిగేది. కెమెరా మోటారు నుంచి ఒక తీగ ద్వారా వచ్చే తరంగాన్ని అది శబ్దం పక్కనే టేపు మీద రాసుకునేది. తర్వాత ఆ గుర్తు ఆధారంగా శబ్దాన్ని బొమ్మ వేగానికి సరిచేసేవారు.

ఆ తీగ కూడా అడ్డమే. కెమెరామన్, సౌండ్‌మన్ తాడుతో కట్టేసినట్టు కలిసి తిరగాలి. 1960 ప్రాంతంలో అమెరికాలో రాబర్ట్ డ్రూ, రిచర్డ్ లీకాక్, డి.ఎ. పెన్నెబేకర్, మేజిల్స్ సోదరులు పనిచేసిన డాక్యుమెంటరీ బృందం దీనికి విరుగుడు చేతిగడియారంలో వెతికింది. బులోవా కంపెనీ 1960లో తెచ్చిన ఆక్యుట్రాన్ వాచీలో స్ప్రింగు చక్రానికి బదులు సెకనుకు 360 సార్లు కంపించే చిన్న ట్యూనింగ్ ఫోర్కు ఉండేది. కెమెరాకొకటి, రికార్డరుకొకటి అలాంటి కచ్చితమైన కాలమానం ఉంటే మధ్యలో తీగ అక్కర్లేదు. కొన్నేళ్లలో ఆ స్థానంలోకి క్వార్ట్జ్ స్ఫటికం వచ్చింది. దాని తప్పు పది లక్షల్లో కొన్ని వంతులకు మించదు. మూడు నిమిషాల పాటలో అది ఒక ఫ్రేములో పదో వంతుకు కూడా చేరదు.

బీటిల్స్ మొదటిసారి అమెరికాలో దిగిన 1964 ఫిబ్రవరి 7న ఆల్బర్ట్ మేజిల్స్ కెమెరాతో, తమ్ముడు డేవిడ్ రికార్డరుతో విమానాశ్రయంలో ఉన్నారు. ఇంగ్లండ్‌లోని గ్రనాడా టెలివిజన్ కోసం వాళ్లు బృందాన్ని కార్లలో, రైల్లో, హోటల్ గదుల్లో వెంబడించారు. ఫిబ్రవరి 9న ఎడ్ సలివన్ షోలో బీటిల్స్ పాడినప్పుడు స్టూడియో లోపలికి వీరి కెమెరాకు అనుమతి దొరకలేదు. సోదరులిద్దరూ ఒక కుటుంబం ఇంట్లోకి వెళ్లి, టీవీ ముందు కూర్చున్న పిల్లల ముఖాలు తీశారు. ఆ రాత్రి ఆ కార్యక్రమాన్ని దాదాపు 7 కోట్ల 30 లక్షల మంది చూశారు. వాళ్లు ఎలా చూశారో మనకు తెలియడానికి ఆధారం, తీగ లేని ఆ కెమెరా. పర్యటన సినిమా అనే ప్రక్రియకు ఈ వెసులుబాటే ప్రాణం పోసింది.

స్టూడియోలో మళ్లీ పాడారు

షియా ఫిల్ము చేతికొచ్చాక నిర్మాతలకు అసలు సంగతి అర్థమైంది. బొమ్మ అద్భుతంగా ఉంది, శబ్దం అలా లేదు. 1966 జనవరి 5న నలుగురూ లండన్‌లోని సీటీఎస్ స్టూడియోకు వెళ్లి, తెర మీద తమను తాము చూసుకుంటూ కొన్ని పాటల్లో భాగాలను, కొన్ని పాటలను పూర్తిగా మళ్లీ వాయించి పాడారు. రింగో పాడిన పాటకు గ్రామఫోన్ రికార్డులోని శబ్దాన్నే అతికించారు. 1966 మార్చి 1న బీబీసీ దాన్ని ప్రసారం చేసినప్పుడు ప్రేక్షకులకు ఈ మార్పు గురించి చెప్పలేదు.

దీన్ని మోసం అనేవాళ్లున్నారు. ఆ మాటలో న్యాయం ఉంది. చెప్పి చేయాల్సిన పని చెప్పకుండా చేశారు. అయితే 1966లో వాళ్ల ముందున్న దారులు రెండే: కేకలను వినిపించడం, లేదా పాటను మళ్లీ పాడటం. కేకను పక్కకు తీసి దాని కిందున్న పాటను బయటికి తెచ్చే మూడో దారి అప్పటికి లేదు.

మూడు ట్రాకుల టేపు

ఆ మూడో దారి లాస్ ఏంజెలస్‌లో ఒక గోదాములో మొదలైంది. 1964 ఆగస్టు 23న, మళ్లీ 1965 ఆగస్టు 29, 30 తేదీల్లో బీటిల్స్ హాలీవుడ్ బౌల్ అనే ఆరుబయలు రంగస్థలంలో పాడారు. క్యాపిటల్ రికార్డ్స్ ఇంజినీర్లు ఆ కచేరీలను అర అంగుళం వెడల్పు టేపు మీద మూడు ట్రాకుల్లో నమోదు చేశారు. విని చూస్తే అంతా అరుపులే. విడుదలకు పనికిరాదని తేల్చి టేపులను దాచేశారు. పారేయలేదు.

దశాబ్దం దాటాక నిర్మాత జార్జ్ మార్టిన్, ఇంజినీరు జెఫ్ ఎమెరిక్ వాటిని బయటికి తీశారు. పాత మూడు ట్రాకుల యంత్రం వేడెక్కిపోతుంటే వాక్యూమ్ క్లీనరును తిరగేసి చల్లగాలి ఊదుతూ టేపును 24 ట్రాకులకు మార్చారు. 1977లో ఆల్బమ్ వచ్చింది. పౌనఃపున్యాల హెచ్చుతగ్గులు సరిచేయగలిగారు గానీ, కేకలను తగ్గిస్తే అదే చోట ఉన్న గొంతులూ తగ్గాయి.

కలిపేసిన పులిహోరలోంచి చింతపండు పులుసును విడదీయమంటే ఎలా ఉంటుందో, కలిసిపోయిన శబ్దాలను విడదీయడం అలా ఉంటుందని అందరూ అనుకునేవారు. దారి చూపింది గణితం. ఏ శబ్దాన్నయినా వేర్వేరు పౌనఃపున్యాల తరంగాల మొత్తంగా రాయవచ్చనే పద్ధతికి మూలం జోసెఫ్ ఫోరియర్. 1822లో అచ్చయిన అతని పుస్తకం వేడి ప్రసారం గురించినది. శబ్దాన్ని చిన్న చిన్న క్షణాలుగా కోసి, ఒక్కో ముక్కకూ ఫోరియర్ లెక్క కడితే స్పెక్ట్రోగ్రామ్ అనే చిత్రం వస్తుంది. అడ్డంగా కాలం, నిలువుగా పౌనఃపున్యం, ఎక్కడ శక్తి ఎక్కువో అక్కడ వెలుగు. డ్రమ్ము దెబ్బ అందులో నిలువు గీత. సాగదీసి పాడిన అచ్చు సమాన దూరాల్లో అడ్డగీతల వరుస. వేలమంది కేకలు ఒకటి నుంచి నాలుగు కిలోహెర్ట్జ్ ప్రాంతంలో దట్టంగా పరుచుకున్న మరక. చెవికి కలిసిపోయినవి కంటికి ఆకారాలుగా విడివడతాయి.

లండన్‌లోని ఆబీ రోడ్ స్టూడియోస్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజినీరు జేమ్స్ క్లార్క్ ఈ ఆకారాలను గుర్తించి వేరుచేసే ప్రోగ్రాములు కొన్నేళ్లపాటు రాశాడు. ఈ తరహా పద్ధతుల్లో స్పెక్ట్రోగ్రామ్‌లోని ప్రతి చిన్న గడిలో గొంతు వాటా ఎంత, కేక వాటా ఎంత అని అంచనా కట్టి శక్తిని పంచుతారు. ఇందులో రెండు ఇబ్బందులున్నాయి. కాలాన్ని సన్నగా కోస్తే పౌనఃపున్యం అలుక్కుపోతుంది: 20 మిల్లీసెకన్ల ముక్కలో 50 హెర్ట్జ్ కంటే దగ్గరగా ఉన్న రెండు స్వరాలను విడిగా చూడలేం. డెనిస్ గేబర్ 1946లోనే తేల్చిన పరిమితి ఇది, ఎంత వేగమైన కంప్యూటరుకైనా తప్పదు. రెండోది, కేకను అత్యాశతో తీసేస్తే మిగిలిన గడులు చెదిరి, లోహం గీరినట్టు గలగలలు వస్తాయి. అందుకే మంచి ఇంజినీరు కేకను పూర్తిగా తుడిచేయడు. విడదీసిన పొరలను తనకు కావలసిన పాళ్లలో మళ్లీ కలుపుతాడు.

జార్జ్ మార్టిన్ కొడుకు జైల్స్ మార్టిన్ పర్యవేక్షణలో అలా తయారైన హాలీవుడ్ బౌల్ ఆల్బమ్ 2016 సెప్టెంబరులో వచ్చింది. తండ్రికి అసాధ్యమైన పని అదే టేపు మీద కొడుకు చేయగలిగాడు. ఆ తర్వాత న్యూజిలాండ్‌లో సినీ దర్శకుడు పీటర్ జాక్సన్ బృందం ఇంకో అడుగు వేసింది. ఏ గిటారు ఎలా మోగుతుందో, ఏ గొంతు ఎలా పలుకుతుందో నేర్పిన యంత్రాభ్యాస వ్యవస్థతో 1969 నాటి నాగ్రా టేపుల్లోంచి మాటలను, వాయిద్యాలను విడదీసి 2021లో 'గెట్ బ్యాక్' సిరీస్ ఇచ్చింది. ఆ నాగ్రాలు మోనో, అంటే అన్నీ ఒకే ట్రాకులో కలిసిన శబ్దం. 1964లో మేజిల్స్ సోదరులు తీసిన దృశ్యాలతో 2024లో వచ్చిన 'బీటిల్స్ '64' చిత్రానికీ ఈ పరిజ్ఞానమే ఉపయోగపడింది.

నమోదు కానిదాన్ని ఎవరూ తేలేరు

ఈ యంత్రాలకు ఉన్న హద్దును ఇంకో కచేరీ చూపిస్తుంది. 1966 ఆగస్టు 29న శాన్‌ఫ్రాన్సిస్కోలోని క్యాండిల్‌స్టిక్ పార్కులో బీటిల్స్ చివరి పర్యటన ముగిసింది. ఇదే ఆఖరని బృందానికి తెలుసు. పాల్ మెకార్ట్నీ అడిగితే వాళ్ల పత్రికా ప్రతినిధి టోనీ బారో మామూలు క్యాసెట్ రికార్డరుతో మైదానం నుంచి కచేరీ నమోదు చేశాడు. క్యాసెట్ ఒక వైపు నిడివి 30 నిమిషాలు. కచేరీ దానికంటే కొద్దిగా ఎక్కువ సాగింది. చివరి పాట నడుమలో టేపు అయిపోయింది. ఉన్న అరగంటలోని మోతను రేపటి యంత్రాలు ఇంకా బాగా విడదీయవచ్చు. లేని ఆ చివరి భాగాన్ని మాత్రం ఏ ఫోరియర్ లెక్కా తిరిగి ఇవ్వలేదు. యంత్రం ఊహించి పూరించవచ్చు, కానీ అది ఆ రాత్రి పాట కాదు.

కాబట్టి కచేరీ సినిమాను అంచనా వేసేటప్పుడు అడగాల్సిన ప్రశ్న ఇది: వినిపిస్తున్నది టేపులోంచి వెలికితీసిందా, తర్వాత చేర్చిందా? మొదటిది పునరుద్ధరణ, రెండోది కొత్త రచన. రెండూ చేయవచ్చు, ఏది ఏదో ప్రేక్షకుడికి చెప్పి తీరాలి.

ఇది మన ఇళ్లకూ వర్తించే విషయం. హరికథలు, బుర్రకథలు, పద్య నాటకాలు, పెళ్లిలో పాడిన పాటలు నమోదైన పాత స్పూళ్లు, క్యాసెట్లు అటకల మీద చాలా ఉన్నాయి. మోత ఎక్కువగా ఉందని, గొంతు సరిగ్గా వినపడదని వాటిని పారేయకండి, వాటి మీద ఇంకేదీ రికార్డు చేయకండి. చెమ్మ తగలని చోట దాచండి. డిజిటల్‌లోకి ఎక్కించేటప్పుడు 24 బిట్ల లోతుతో, సెకనుకు 96,000 నమూనాలతో, కుదించని వేవ్ ఫైలుగా ఎక్కించండి. ధ్వని భాండాగారాల అంతర్జాతీయ సంఘం సూచించే ప్రమాణం అదే. మోత తగ్గించే సాఫ్ట్‌వేర్‌ను ఆ మూల ప్రతి మీద వాడవద్దు. నకలు తీసుకుని దాని మీద వాడండి. ఇప్పటి సాధనాలు తీసేసిన మోతతో పాటు పోయే పాటను, రేపటి మెరుగైన సాధనాలు ఆ మూల ప్రతిలోంచే వెతకాలి.